డబడబలాడే బండి, ఆఫీసు సెల్లార్

సిలిండర్‌లో పెట్రోలు మండిన ప్రతిసారీ వేడి వాయువులు ఒక్క ఉదుటున బయటికి తన్నుకొస్తాయి. మోటారు సైకిల్ చప్పుడంటే ఆ దెబ్బల వరసే. చిల్లుల గొట్టాలు, అడ్డురేకులు ఉన్న డబ్బాలోంచి వాటిని తిప్పి తిప్పి పంపి, వాటి పదును విరిచేది సైలెన్సర్. లోపలి సరంజామా లేని గొట్టం బిగిస్తే ఆ పదును అలాగే వీధిలోకి వస్తుంది. 350 సీసీ సింగిల్ సిలిండర్ బుల్లెట్‌లో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎక్కువ. అందుకే ఒక్కోటీ విడివిడిగా డబడబమని వినిపిస్తుంది. మెకానిక్ షెడ్లలో ‘ఇందౌరీ’ అనీ ‘పంజాబ్’ అనీ అడిగి మరీ బిగించుకునే సైలెన్సర్లు ఆ డబడబను పెంచడానికే. రైజ్ వదిలినప్పుడు టపాకాయల్లా పేలడం సంగతి వేరు. మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి వేడి గొట్టంలోకి చేరి అక్కడ అంటుకుంటుంది.

రోడ్డు మీదైతే ఆ చప్పుడు కాసేపట్లో దాటిపోతుంది. సెల్లార్‌లో అలా కాదు. పైన స్లాబు, చుట్టూ కాంక్రీటు గోడలు, కింద నున్నటి గచ్చు. వెళ్లిన శబ్దం వెళ్లినట్టే తిరిగొస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే చప్పుడు ఆరు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, ఇక్కడ అంత తగ్గదు. పొద్దున షిఫ్టుకు వచ్చినవాడు ర్యాంపు దిగుతూ ఒక్క రైజ్ ఇస్తే వరసలో నిలిపిన కార్లలో ఒకటి రెండింటి అలారాలు మోగుతాయి. సెక్యూరిటీ గార్డు లేచి వాటిని చూసి, రిజిస్టర్‌లో బండి నంబరు రాసుకుంటాడు. రెండు మూడు రోజులకు హెచ్ఆర్ నుంచి మెయిల్: రేపటి నుంచి ఈ వాహనాన్ని లోపలికి రానివ్వం. అలా అనే అధికారం కంపెనీకి ఉందా, కాదనే హక్కు ఉద్యోగికి ఉందా అనే ప్రశ్న అక్కడ పుడుతుంది.

దీనికి జవాబు గేటు బయట ఒకలా, గేటు లోపల ఒకలా ఉంటుంది. బయటిది ప్రభుత్వం సంగతి. కొత్త మోటారు సైకిల్ ఎంత చప్పుడు చేయవచ్చో పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో ఉంది. 80 సీసీ లోపు బండికి 75 డెసిబెల్స్, 175 సీసీ దాకా 77, ఆపైన 80. ఇవి తయారీ దశలో కంపెనీ పాటించాల్సిన హద్దులు. బండి కొన్నాక దాన్ని మార్చుకునే విషయం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూసుకుంటుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. అనుమతి లేని మార్పులకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్ద, కాలుష్య ప్రమాణాలు మీరిన బండిని రోడ్డెక్కిస్తే 190(2) ఉంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ, పైగా మూడు నెలలు లైసెన్సుపై అనర్హత. హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించే దృశ్యం ఈ సెక్షన్ల ఫలితమే.

అయితే చప్పుడు చేసే ప్రతి బండినీ ఈ గాటన కట్టకూడదు. షోరూము నుంచి వచ్చిన సైలెన్సర్‌తోనే బుల్లెట్ గట్టిగా కొడుతుంది, అది చట్టబద్ధమైన చప్పుడు. ఇంకో రకం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. గొట్టం తుప్పు పట్టి చిల్లు పడిన పదేళ్ల నాటి బండి, దాన్ని బాగు చేయించడానికి జీతం దాకా ఆగుతున్న మనిషి. గేటు దగ్గర గార్డు చెవికి ఈ మూడూ ఒకటే. న్యాయం మాత్రం ఒకటి కాదు.

సెల్లార్‌లో పోలీసు చలానా రాయగలడా అంటే అది సందేహమే. చట్టం చెప్పే ‘బహిరంగ స్థలం’ జనానికి వెళ్లే హక్కు ఉన్న చోటు. పాసు చూపించి లోపలికి వెళ్లే ప్రాంగణం ఆ మాటకు సులువుగా లొంగదు. కాకపోతే ఆ బండి గేటు దాకా వచ్చింది రోడ్డు మీదుగానే.

గేటు లోపల కంపెనీదే మాట. ఫలానా ఉద్యోగికి బండి నిలుపుకునే చోటు ఇచ్చి తీరాలని ఏ కార్మిక చట్టమూ చెప్పదు. భవన నిర్మాణ నిబంధనలు ఇంత విస్తీర్ణానికి ఇంత పార్కింగ్ అని అంటాయి గానీ, ఆ లెక్క భవనానిది. స్టాండు అనేది అనుమతి మాత్రమే, అనుమతికి షరతులు పెట్టవచ్చు. సైలెన్సర్ మార్చిన బండి వద్దనడం, ర్యాంపు దగ్గర ఇంజిన్ ఆపి నెట్టుకుంటూ రమ్మనడం అలాంటి షరతులే. అవి అందరికీ ఒకేలా అమలు కావాలి, ముందుగా రాతలో ఉండాలి. మేనేజరు గారి హార్లే దర్జాగా లోపలికి పోతూ, స్టోర్స్ కుర్రాడి బుల్లెట్ గేటు బయట నిలిచిపోతే ఆ నిబంధనను సమర్థించుకోవడం కష్టం.

ఏళ్ల తరబడి అందరూ వాడుకుంటున్న స్టాండును కంపెనీ ఉన్నట్టుండి మూసేస్తే కథ మారుతుంది. ఆనవాయితీగా వస్తున్న సౌకర్యాన్ని ఉపసంహరించాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. పార్కింగ్ ఆ జాబితా కిందికి వస్తుందని కార్మికులు వాదించవచ్చు. ఒక్క బండిని ఆపినప్పుడు మాత్రం ఈ వాదన పలచబడుతుంది.

కంపెనీలు ఎక్కువగా తప్పటడుగు వేసేది జరిమానా దగ్గర. ‘చప్పుడు చేస్తే 500’ అని నోటీసు బోర్డు మీద రాసి, నెలాఖరుకు జీతంలో కోసేయడం మామూలైపోయింది. పాత వేతన చట్టం స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఏ తప్పుకు జరిమానా వేస్తారో ఆ జాబితాకు ప్రభుత్వ ఆమోదం ఉండాలి, దాన్ని ఉద్యోగులకు కనిపించేలా పెట్టాలి. వేసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ వేతన కాలంలో మొత్తం జరిమానా జీతంలో మూడు శాతం దాటకూడదు, అంటే 20,000 జీతానికి నెలకు 600. దాన్ని వాయిదాల్లో కోయకూడదు, తప్పు జరిగిన 90 రోజుల తర్వాత అసలు వసూలు చేయకూడదు. ఆ డబ్బు కంపెనీ ఖాతాలో కలవదు, రిజిస్టర్‌లో రాసి సిబ్బంది మేలుకే ఖర్చు పెట్టాలి. పాత చట్టం చివరి రోజుల్లో నెలకు 24,000 దాటని జీతాలకే వర్తించేది. కోడ్‌లో ఆ హద్దు లేదు. టైర్లలో గాలి తీయడం, చక్రానికి గొలుసు వేసి డబ్బు అడగడం లాంటి పనులకైతే ఏ చట్టంలోనూ చోటు లేదు. కంపెనీ బండిని లోపలికి రానివ్వకపోవచ్చు, చేయి వేయకూడదు.

నిషేధం పెట్టాక కూడా రోజూ అదే బండితో వస్తే విషయం చప్పుడు నుంచి ధిక్కారానికి మారుతుంది. సహేతుకమైన ఆదేశాన్ని కావాలని లెక్క చేయకపోవడం స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం దుష్ప్రవర్తనే. అప్పుడూ వరస ఒకటుంది: షోకాజ్ నోటీసు, జవాబు, విచారణ, ఆ తర్వాతే శిక్ష. తప్పుకు మించిన శిక్ష వేస్తే తగ్గించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. సైలెన్సర్ కోసం ఉద్యోగం ఊడిందంటే ఆ కొలతకు నిలవడం కష్టమే. కార్మికుడి నిర్వచనంలోకి రాని మేనేజర్లు, సూపర్‌వైజర్లకు ఈ రక్షణ దొరకదు, నియామక పత్రంలోని షరతులే వాళ్లకు దిక్కు. దుకాణాలు, ఆఫీసుల సిబ్బందికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లో చేసిన చట్టం ఉంది. ఆరు నెలలు పనిచేసిన వ్యక్తిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వకుండా తీసేయకూడదని అది చెబుతుంది. ఐటీ కంపెనీలకు ఆ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువారి పరిస్థితి ఇంకా సన్నం. మోంటానా తప్ప మిగతా రాష్ట్రాల్లో, ఒప్పందమో వివక్ష నిషేధమో అడ్డు రాకపోతే, బండి చప్పుడు నచ్చలేదని కూడా పంపించేయవచ్చు.

లోపలికి రానివ్వని బండి రోడ్డు పక్కకు చేరుతుంది. అక్కడ పోతే నష్టం యజమానిదే. లోపల పోతే ‘పార్కింగ్ యజమాని బాధ్యతపైనే’ అనే బోర్డు అన్నిసార్లూ కంపెనీని కాపాడదు. 1998లో ఢిల్లీలోని ఒక హోటల్లో సిబ్బందికి తాళం ఇచ్చి అప్పగించిన కారు పోయిన కేసులో, 2019లో సుప్రీంకోర్టు ఆ బోర్డు మాటున హోటల్ తప్పించుకోలేదని తేల్చింది. కీలకం తాళం చెవి. బండిని కంపెనీ మనిషికి అప్పగిస్తే అది చూసుకునే బాధ్యత కంపెనీది. సొంతంగా స్టాండు వేసుకుని తాళం జేబులో పెట్టుకుంటే అంత గట్టిగా అడగలేరు.

వికలాంగ ఉద్యోగులు నడిపే పక్కచక్రాల స్కూటర్‌కు కొలమానం వేరు. 2016 చట్టం ప్రకారం వాళ్లకు సముచిత వెసులుబాటు చూపాలి. చప్పుడు పేరుతో దాన్ని గేటు బయట నిలపడం ఆ బాధ్యతకు ఎదురు వెళ్లడమే.

చప్పుడు వినాల్సి వచ్చేవాళ్లకూ హక్కులున్నాయి. ఇష్టం లేని శబ్దాన్ని బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదనీ, ప్రశాంతంగా బతకడం రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమనీ 2005 జులైలో సుప్రీంకోర్టు అంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు పగలు వాణిజ్య ప్రాంతంలో 65 డెసిబెల్స్, నివాస ప్రాంతంలో 55 హద్దు పెట్టాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా అవి 55, 45కు దిగుతాయి. అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న ఆఫీసులో నైట్ షిఫ్టు విడిచే వేళ సరిగ్గా ఆ గంటల్లోకే వస్తుంది. చుట్టుపక్కలవాళ్ల ఫిర్యాదు ముందు చేరేది కంపెనీకే. హెచ్ఆర్ మెయిల్ వెనక ఉన్నది చాలాసార్లు ఎదురింటి మూడో అంతస్తు కిటికీ.

మెయిల్ అందుకున్న ఉద్యోగికి ఉపయోగపడే కాగితాలు కొన్నే. ఆర్‌సీ, సైలెన్సర్ కంపెనీదేనని సర్వీసు సెంటర్ రాసిచ్చిన జాబ్ కార్డు, అమర్చిన గొట్టం ఫొటో. సైలెన్సర్ మార్చినదైతే పాతది తిరిగి బిగించుకుని, ఆ బిల్లు జత చేసి, అనుమతి పునరుద్ధరించమని రాతపూర్వకంగా అడగడం తప్ప వేరే దారి లేదు. బిగించిన తర్వాత సెల్లార్‌లో గార్డు ఎదుట ఒకసారి స్టార్ట్ చేసి చూపించి, అతని రిజిస్టర్‌లో తేదీ వేయించుకుంటే సరిపోతుంది.