చేయి కలిపిన శత్రువులు

సాయంకాలమున చార్మినారుచెంత లాడుబజారులో గాజులు కొనఁబోవు సోదరీమణులు ఆ జనసమ్మర్దములో నొకరి చేయి నొకరు విడువక నడచుట మేము చూచుచుందుము. ఒంటరివారు త్రోపుడునకుఁ జెదరిపోవుదురు; చేతులు కలిపినవారు దుకాణము చేరుదురు. రక్తప్రవాహమునఁ గాన్సరు కణములు సైత మిట్లే ప్రయాణము చేయునని శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు.

ఈ వ్యాధి పుట్టినచోటనే నిలిచియున్నంతకాలము చికిత్స సులభము. కణములు గడ్డనుండి విడివడి రక్తములోఁ బడి, ఊపిరితిత్తులు, కాలేయము, ఎముకలు మొదలగుచోట్ల క్రొత్తగడ్డలు పెట్టుటయే ప్రాణాపాయకరము. 1869లో ఆష్‌వర్తను వైద్యుఁడు ఆస్ట్రేలియాలో నొక మృతుని రక్తమున నట్టి కణములను జూచెను. ఒంటరికణములలోఁ బెక్కులు దారిలోనే నశించును. కాని కొన్ని, ప్లాకోగ్లోబిన్ అను మాంసకృత్తు తోడ్పాటుతో నొకదాని నొకటి యంటుకొని గుంపుగా వచ్చును. ఇట్టి గుంపులు అరుదైనవే. ఐనను, ఒంటరికణములకంటె 23 మొదలు 50 రెట్లధికముగా వ్యాధిని నాటఁగలవని 2014లో అమెరికాలో ఎలుకలపై జరిగిన పరిశోధనవలనఁ దేలినది.

మఱి గుంపును విడఁదీయవచ్చునా? గుండెజబ్బునకుఁ జిరకాలముగా వాడుచున్న డిజాక్సిన్ అను మందును, ముదిరిన స్తనకాన్సరుగల 9 మంది స్త్రీలకు స్విట్జర్లాండు పరిశోధకు లిచ్చి చూడఁగా గుంపులు కొంత చిన్నవైనట్లు 2025లోఁ బ్రకటించిరి. దీనిచే నాయువు పెరుగునని యింకను ఋజువు కాలేదు. మోతాదు మించిన నది విషము. వైద్యుని యాజ్ఞ లేక యెవ్వరును ముట్టరాదు.

ఇది చదివి, "సూది గ్రుచ్చినచో గడ్డ చెదరి రక్తములోఁ బడునేమో" యని భయపడు వారుందురు. మన యిండ్లలో నీమాట తఱచుగా వినఁబడును. స్తనములోని గడ్డను సూదితోఁ బరీక్షించినచో వ్యాధి ముదురుననుట కాధారము లేదు. సిగ్గుచేతనో, నొప్పిలేదు గదా యనియో దానిని దాఁచుటవలననే కణములు వెలువడుటకు వ్యవధి దొరకును. గడ్డ తగిలినను, చర్మము లోనికి గుంజుకొనినను, చనుమొననుండి నెత్తురు కాఱినను ఆలస్యము చేయరాదు.

పాతబస్తీనుండి మూసీ దాఁటి పోయినచో, రెడ్‌హిల్సునందు 1955లో స్థాపింపఁబడిన మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ కాన్సరు వైద్యశాల యున్నది. కోడలు బిడియపడినచో అత్తగారు, తల్లి బిడియపడినచోఁ గూఁతురు తోడు పోవలయును. కీడు చేయు కణములే చేయి చేయి కలుపుచుండఁగా, మేలుకొఱకు మనమేల కలుపరాదు?