నడుము నొప్పి కాలికి దిగిందా? హెచ్-రిఫ్లెక్స్ టెస్ట్‌లో నంబర్ ఎక్కువొస్తే జబ్బేనా?

నడుము నుంచి పిక్క దాకా గుంజుతుంటే డాక్టర్లు ఒక్కోసారి హెచ్-రిఫ్లెక్స్ టెస్ట్ రాస్తారు. కౌకూర్ నుంచి పంజాగుట్ట నిమ్స్ దాకా వెళ్లి చేయించుకున్నా రిపోర్టులో చూసేది ముఖ్యంగా ఒక నంబరే. మోకాలి వెనక చిన్న కరెంట్ ఇస్తారు. సిగ్నల్ వెన్నుపాముకు వెళ్లి పిక్కకు తిరిగొస్తుంది. పట్టే టైమ్ సుమారు 30 మిల్లీసెకన్లు, రెప్పపాటు కంటే తక్కువ! దీన్ని 1910లో వివరించింది జర్మనీకి చెందిన పాల్ హాఫ్‌మన్. హెచ్ ఆయన పేరులోదే.

మరి 33 వస్తే జబ్బేనా? అక్కడే ఉంది తిరకాసు. పొడుగు మనిషికి దారీ ఎక్కువే, టైమూ ఎక్కువే. అందుకే ఏ జబ్బూ లేనివాళ్లను ఎత్తు, వయసు వారీగా కొలిచి నార్మల్ లెక్క తయారుచేస్తారు. పొడుగువాళ్ల పట్టికతో పొట్టివాళ్లను పోలిస్తే ఉన్న జబ్బు కూడా దాక్కుంటుంది. రెండు కాళ్ల మధ్య తేడా ఒకటిన్నర మిల్లీసెకన్లు దాటితే మాత్రం అనుమానిస్తారు. పెద్ద వయసులో రెండు వైపులా స్పందన రాకపోయినా కంగారొద్దు, ఆరోగ్యవంతుల్లోనూ అలా జరుగుతుంది.