గోడ దాటిన జాక్ స్టీన్

ఒకే రక్షకుని నామమున ప్రార్థించేవారు ఆటస్థలంలో శత్రువులు కాగలరా? స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో ఏళ్ల తరబడి అదే జరిగింది. అక్కడ రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. ఐర్లండు నుండి వలస వచ్చిన పేద కతోలిక కుటుంబాల ఆకలి తీర్చడానికి 1887లో వాల్‌ఫ్రిడ్ అనే మఠవాసి సెల్టిక్ క్లబ్బును స్థాపించాడు. రెండవది రేంజర్స్, ప్రొటెస్టెంటుల క్లబ్బుగా పేరుపడింది. కతోలికులను చేర్చుకోకపోవడం అక్కడ చాలాకాలం ఆనవాయితీ. 1989లో మో జాన్‌స్టన్‌ను తీసుకొన్నప్పుడు గాని అది తెగలేదు.

జాక్ స్టీన్ 1922లో ఒక ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టాడు. బొగ్గు గనిలో దిగి పనిచేస్తూనే ఆల్బియన్ రోవర్స్ జట్టుకు ఆడాడు. 1951లో సెల్టిక్ పిలిచింది. వెళ్లినందుకు కొందరు పాత స్నేహితులు ముఖం తిప్పుకొన్నారు. 1954లో అతని నాయకత్వాన సెల్టిక్ లీగ్‌ను, కప్పును రెంటినీ గెలిచింది. తరువాత చీలమండ గాయంతో ఆట మానవలసి వచ్చింది. అయినా నిరాశతో కూర్చోక కుర్రవాళ్లకు ఆట నేర్పాడు. 1960లో డన్‌ఫర్మ్‌లైన్ జట్టుకు మేనేజరై, మరుసటి ఏడే స్కాటిష్ కప్పు ఫైనల్లో సెల్టిక్‌నే ఓడించాడు!

1965లో సెల్టిక్ అతణ్ణి మేనేజరుగా పిలిచింది. ఆ పదవి పొందిన మొదటి ప్రొటెస్టెంటు అతడే. 1967 మే 25న లిస్బన్‌లో ఇంటర్ మిలాన్ ముందుగా గోలు కొట్టినా, సెల్టిక్ 2-1తో యూరోపియన్ కప్పు గెలిచింది. బ్రిటన్‌లో ఏ జట్టూ అంతకుముందు దానిని గెలవలేదు. ఆ పదకొండుమందీ గ్లాస్గోకు 30 మైళ్ల లోపు పుట్టినవారే. వారిలో కతోలికులూ ఉన్నారు, ప్రొటెస్టెంటులూ ఉన్నారు. 1974 వరకు వరుసగా 9 ఏళ్లు లీగ్ కూడా సెల్టిక్‌దే. 1985 సెప్టెంబరు 10న కార్డిఫ్‌లో, స్కాట్లాండు జట్టు మేనేజరుగా ఉండగా, ఆట ముగిసే వేళ కుప్పకూలి మరణించాడు.

అతడు బోధకుడు కాడు. గ్లాస్గోలోని పగ అతనితో సమసిపోనూ లేదు. అయితే మనిషిని ఎంచుకొనేటప్పుడు అతడు చూచింది ఆటను, గుడిని కాదు.

ప్రియ పాఠకులారా, ఈ మాట మనకూ తగులుతుంది. "వాళ్లు ఆర్.సి.యం. వాళ్లు", "వాళ్లది ఆ పేట గుడి" అని పెళ్లి సంబంధాల దగ్గర, చివరికి సమాధుల తోట దగ్గర కూడా మనం అనడం లేదా? పక్షాలుగా చీలిన కొరింథు సంఘాన్ని పౌలు గద్దించాడు. మన పిల్లలు సాయంత్రం ఆడుకొనేటప్పుడు ఎవరిది ఏ గుడి అని అడగరు. పెద్దలమైన మనం వారికి ఆ ప్రశ్న నేర్పకుందుము గాక.