దూడతో ఆడిన చెయ్యి కడగకుండా నోట్లోకి పోతే...

వేసవి సెలవులకు పట్నం నుంచి మనుమలు, మనుమరాళ్లు వస్తే ముందు పరుగెత్తేది పశువుల కొట్టంలోకే. మేకపిల్లను ఎత్తుకోవడం, లేగదూడ నోట్లో వేళ్లు పెట్టి చీకించుకోవడం, అరచేతిలో తవుడు పోసి నాకించడం - వాళ్లకు ఇంతకు మించిన ఆట లేదు. అదే చేత్తో జంతికో, మామిడి ముక్కో తింటారు. 'మేమంతా పేడలో పెరిగినవాళ్లమే, మాకేమైంది?' అనే మాట ఏ ఇంట్లోనైనా వినబడుతుంది. పెరిగి పెద్దయినవాళ్లు ఆ మాట అంటారు సరే. ఐదేళ్లు నిండకుండానే విరేచనాలతో పోయిన పిల్లలు వచ్చి చెప్పలేరు కదా.

విదేశాల్లో పట్నం పిల్లలకు పశువులను చూపించడానికి, ముట్టుకోనివ్వడానికి కొందరు రైతులు ఫారాలను తెరిచి ఉంచుతారు. హైదరాబాదు చుట్టుపక్కల కూడా ఇలాంటివి వచ్చాయి, బడిపిల్లలను బస్సుల్లో తీసుకెళ్తున్నారు. అలాంటి ఫారాల్లో జరిగిన రెండు సంగతులు మన పాడి రైతులు తెలుసుకోదగ్గవి.

మొదటిది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2000 సంవత్సరంలో జరిగింది. ఒక పాడి ఫారానికి వెళ్లొచ్చినవాళ్లలో 51 మంది జబ్బుపడ్డారు. ఎక్కువమంది చిన్నపిల్లలే. 8 మందికి మూత్రపిండాల దాకా వచ్చింది. ఆరోగ్య శాఖ వాళ్లు ఫారంలోని పశువులను పరీక్ష చేస్తే 216 పశువుల్లో 28 పశువుల దగ్గర ఆ క్రిమి దొరికింది. జబ్బు పడినవాళ్లు, పడనివాళ్లు ఏమేం చేశారో పక్కపక్కన పెట్టి చూశారు. దూడలను ముట్టుకున్నవాళ్లకు, గోళ్లు కొరికే అలవాటున్నవాళ్లకు ఎక్కువగా వచ్చింది. తినే ముందు చేతులు కడుక్కున్నవాళ్లకు తక్కువగా వచ్చింది.

రెండోది ఇంగ్లండులో సర్రే జిల్లాలోని గాడ్‌స్టోన్ ఫారంలో 2009 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరిగింది. సెలవుల్లో పిల్లలతో కిటకిటలాడే చోటు అది. 93 మందికి జబ్బు సోకింది. వారిలో 76 మంది పదేళ్ల లోపు పిల్లలు. ఆగస్టు నెలాఖరుకే జబ్బు సంగతి అధికారుల చెవిన పడినా, ఫారాన్ని పూర్తిగా మూసింది మాత్రం సెప్టెంబరు 12న. ముందే మేలుకుని ఉంటే కొందరు పిల్లలకు తప్పేదని ఆ తర్వాత విచారణ జరిపిన ప్రొఫెసర్ జార్జ్ గ్రిఫిన్ సంఘం 2010లో తేల్చి చెప్పింది.

ఈ రెండు చోట్లా చేటు తెచ్చింది ఈ-కోలి ఓ157 అనే క్రిమి. ఆవులు, గొర్రెలు, మేకల పేగుల్లో ఉంటుంది. చిత్రమేమంటే పశువుకు దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. మేత మేస్తుంది, నెమరు వేస్తుంది, నిగనిగలాడుతూ ఉంటుంది. 'మా పశువు ఆరోగ్యంగానే ఉంది' అనుకోవడం ఇక్కడ పనికిరాదు. పేడలో, పెంటికల్లో క్రిమి బయటికి వస్తుంది. పశువు ఒంటి వెంట్రుకలకు, పలుపుకు, దడి కర్రలకు, చెప్పుల అడుగుకు అంటుకుని ఉంటుంది. వంద క్రిములు కూడా అక్కర్లేదు, అంతకు తక్కువే పిల్లవాడి కడుపులోకి పోయినా చాలు. కంటికి కనిపించేంత పేడ అంటనవసరం లేదన్నమాట.

మూడు నాలుగు రోజులకు, ఒక్కోసారి పది రోజులకు కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు మొదలై తర్వాత నెత్తురు పడుతుంది. చాలామందికి వారంలో నెమ్మదిస్తుంది. కొద్దిమంది పిల్లలకు, ముఖ్యంగా ఐదేళ్లలోపు వాళ్లకు, విరేచనాలు తగ్గుముఖం పట్టాయనుకునే సమయానికి అసలు గండం వస్తుంది. క్రిమి వదిలిన విషం నెత్తురులోకి పోయి ఎర్రకణాలను పగలగొడుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లవాడు పాలిపోతాడు, మూత్రం తగ్గిపోతుంది, ముఖం ఉబ్బుతుంది. అప్పుడు డయాలసిస్ తప్పకపోవచ్చు.

అందుకే నెత్తురు విరేచనాలు కనిపిస్తే మందుల షాపులో విరేచనాలు కట్టే మాత్రలు గాని, తోచిన యాంటీబయాటిక్ గాని కొని వేయరాదు. ఈ జబ్బులో అవి మేలుకు బదులు కీడు చేయవచ్చు. ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లవాడు దూడలతో, మేకలతో ఆడాడన్న సంగతి డాక్టరుకు చెప్పాలి. అడగందే మనవాళ్లు చెప్పరు, ఆయనకేమో అడగాలని తోచకపోవచ్చు.

పేడ ద్వారా వచ్చేది ఇదొక్కటే కాదు. సాల్మొనెల్లా, క్రిప్టోస్పోరిడియం లాంటివి కూడా ఇదే దారిలో వస్తాయి. పారుకునే దూడ ఉంటే దాని దగ్గరికి చిన్నపిల్లలను అసలు పోనివ్వకూడదు.

మరి ఏం చేయాలి? చేతులు కడగాలి, అదీ సబ్బుతో, పోసే నీళ్ల కింద. ఒకరు చెంబుతో పోస్తే ఒకరు కడుక్కోవచ్చు, కుళాయే ఉండాలని లేదు. ఖరీదైన సబ్బూ అక్కర్లేదు, బట్టల సబ్బు ముక్క చాలు. పశువులు తాగే గాబులోనో, అందరూ ముంచే బక్కెట్లోనో చెయ్యి ఆడించి తీయడం కడగడం కాదు. సీసాల్లో వచ్చే చేతుల మందు రాసుకున్నా పేడ, మట్టి అంటిన చేతి మీద అది సరిగా పనిచేయదు.

అయితే గ్రిఫిన్ సంఘం ఇంకో మాట చెప్పింది. చేతులు కడుక్కోండని బోర్డు పెట్టినంత మాత్రాన సరిపోదు, అసలు పేడ పిల్లల చేతికి అందకుండా చూడాలని. మన ఇళ్లలో కష్టం ఇక్కడే ఉంది. విడిగా కొట్టం వేసుకునే జాగా లేక రాత్రిపూట మేకలను వసారాలోనే కట్టేసి, ఆ పక్కనే పిల్లలను పడుకోబెట్టే కుటుంబాలు ఎన్నో. వాళ్లను కొట్టం కట్టమంటే ఎక్కడి నుంచి కడతారు? కనీసం అడ్డంగా ఒక తడిక కట్టుకోవాలి. పిల్లలను నేల మీద కాక మంచం మీద పడుకోబెట్టాలి. తెల్లారగానే పెంటికలు ఊడ్చి పెంటదిబ్బకు చేర్చాకే పిల్లలను కిందికి దించాలి. పాకే పసివాడిని పశువులు కట్టే చోట వదలకూడదు. కొట్టంలో తిండి పెట్టకూడదు, పాలపీక పట్టుకుని తిరగనివ్వకూడదు.

గుమ్మపాలు బలమని పొదుగు దగ్గరే గ్లాసు పట్టి పిల్లలకు తాగించే అలవాటు ఇంకా ఉంది. మానుకోవాలి. పితికేటప్పుడు పేడ తుంపర పడినా పైన చెప్పిన క్రిమి పాలల్లోకి పోతుంది. ఈసుకుపోయే రోగం, అదే బ్రూసెల్లోసిస్ ఉన్న పశువు పాల ద్వారా ఆ రోగం మనిషికీ సోకుతుంది. పొంగు వచ్చేదాకా కాచిన పాలకు ఆ భయం లేదు. ఈసుకుపోయిన పిండాన్ని, మావిని పిల్లలు చూడటానికి కూడా దగ్గరికి రానివ్వక, లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. 4 నుంచి 8 నెలల వయసు పెయ్యదూడలకు పశువైద్యశాల వాళ్లు వేసే బ్రూసెల్లా టీకా తప్పకుండా వేయించుకోవాలి.

కుమ్ముళ్లు, తన్నుళ్ల సంగతి రైతులకు చెప్పనక్కర్లేదు గాని పట్నం పిల్లలకు తెలియదు. కొత్తగా ఈనిన ఆవు, గేదె ఎంత సాధువైనా దూడ దగ్గరికి వేరే పిల్లవాడు పోతే ఊరుకోదు. పలుపును చేతికి చుట్టుకుని దూడను నడిపించడం పిల్లలకు సరదా. అది బెదిరి ఉరికితే పిల్లవాడిని ఈడ్చుకుపోతుంది. చుట్టుకోకుండా పట్టుకోవడం నేర్పాలి. కుక్క గాని, పిల్లి గాని కరిచినా రక్కినా పసర్లు, కారం పూయకుండా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు తీసుకెళ్లాలి.

బడిపిల్లలను తోటకు పిలిచి నాలుగు రూపాయలు సంపాదించుకునే ఆలోచన ఉన్న రైతులు ముందుగా చేతులు కడిగే చోటు చూసుకోవాలి. పశువుల దగ్గరి నుంచి బయటికొచ్చే దారిలోనే, తినే చోటుకు ముందు, పిల్లల ఎత్తుకు అందేలా కుళాయిలు, సబ్బు ఉండాలి. పశువును దడికి అవతల ఉంచి తల మాత్రమే నిమరనివ్వాలి. పిల్లలు నిలబడే చోట రోజూ ఊడ్చి కడగాలి. పారుకునే పశువును, మూతిపుండ్లున్న మేకను, తామర పట్టిన దూడను ఆ రోజు వేరేచోట కట్టేయాలి.