పాత కారుకు ఆయిల్, కూలెంటు ఇంట్లో మార్చుకునేవారికి

ఆరోగ్య పత్రికలో కారు సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా మన కుటుంబాలలో కొందరి వాకిళ్లలో అవి ఇంకా ఉన్నాయి. షెడ్డు ఖర్చు ఎందుకని వాటికి ఇంజన్ ఆయిల్, కూలెంటు సొంతంగా మార్చుకునేవారూ ఉన్నారు. అది అంత కష్టమైన పని కాదు. మేము చెప్పదలచినది ఆ పనిలో మనిషికి జరిగే హాని గురించి.

ముందుగా రేడియేటర్. బండి తిరిగి వచ్చిన వెంటనే దాని మూత తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండి, 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులు కాగానే ఆవిరితో సహా ముఖం మీదికి చిమ్ముతుంది. ఈ పని తెల్లవారుజామున, ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు పెట్టుకోవాలి. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్న బండిలో ఇంజన్ ఆపినా ఫ్యాను తిరగవచ్చు కనుక వేళ్లు, చీర కొంగు, తువ్వాలు దూరంగా ఉంచాలి. ఒకవేళ కాలితే 20 నిమిషాలపాటు కుళాయి నీటి ధార కింద ఉంచండి. పేస్టు, సిరా, వెన్న రాయకండి. వాటిని కడగడానికే మా నర్సులకు సగం సమయం పడుతోంది.

ఇంజన్ ఆయిల్ సంగతి వేరు. ఇంజన్ కొద్ది నిమిషాలు నడిపి ఆపితే ఆయిల్ పలచబడి బాగా దిగుతుంది. కాని తలుపులు మూసిన షెడ్డులో నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, తలనొప్పి, మగతతో మొదలై ప్రాణం తీస్తుంది. బండి కిందికి దూరవలసివస్తే జాకీని ఒక్కదాన్నే నమ్మకండి. సమతలంగా ఉన్న గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, హ్యాండ్ బ్రేకు లాగిన తర్వాతే దూరాలి. డ్రెయిన్ బోల్టు విప్పేటప్పుడు చేతికి రబ్బరు తొడుగు ఉండాలి. వాడిన ఆయిల్ చర్మానికి పదే పదే తగిలితే పుండ్లు పడతాయి, ఏళ్ల తరబడి తగిలితే చర్మపు కాన్సర్ భయం కూడా ఉంది. చేతులు పెట్రోలుతో కాక సబ్బుతో కడగండి. కొత్త ఆయిల్ పోశాక డిప్‌స్టిక్ మీద గీత చూసుకోండి, ఎక్కువైనా ఇంజన్‌కు చేటే.

బ్రేక్ ఆయిల్ మాత్రం మెకానిక్‌కు వదలడం మేలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గొట్టాలలో గాలి చేరితే మరునాడు పెడలు తొక్కినా బ్రేకు పడదు.

ఇక కూలెంటు. మాకు అన్నిటికన్నా భయం దీని గురించే. చాలా కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. పచ్చగానో, ఎర్రగానో ఉండి, నాలుకకు తియ్యగా తగులుతుంది. బండి నుంచి దించినది ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి గోడ పక్కన పెడతారు. ఎండలో ఆడివచ్చిన పిల్లవాడికి అది షర్బత్తే. ఆ విధంగా తాగిన ఒక బాబును తల్లిదండ్రులు ఆ సీసాతో సహా మా దగ్గరికి తెచ్చారు. సీసా చూసినందువల్లనే ఆలస్యం కాకుండా పెద్ద ఆస్పత్రికి పంపగలిగాము. డయాలసిస్ చేసి బాబును కాపాడారు.

ఈ విషం మొదట మత్తు తాగినవారిలా తూలిస్తుంది, వాంతులు చేయిస్తుంది. మధ్యలో తేరుకున్నట్లు కనిపించవచ్చు, దానికి మోసపోకండి. ఒకటి రెండు రోజులలో మూత్రపిండాలు పాడవుతాయి. గుటకే కదా అని ఎదురుచూడక వెంటనే 108కు ఫోన్ చేయండి. సీసా, దాని చీటీ వెంట తెండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించరాదు. దీనికి విరుగుడు మందు ఉంది, తొందరగా ఇచ్చినకొద్దీ ఫలితం.

పైపు పెట్టి నోటితో పెట్రోలు లాగే అలవాటు కూడా మానండి. ఒక్క గుక్క ఊపిరితిత్తిలోకి పోతే న్యుమోనియా వస్తుంది. అక్కడా వాంతి చేయించడమే ప్రమాదం.

దించిన కూలెంటును, ఆయిల్‌ను దాని అసలు డబ్బాలోకే తిరిగి పోసి, మూత బిగించి, పేరు రాసి పిల్లలకు అందని చోట పెట్టండి. రెంటినీ కలపకండి. కింద ఒలికినదాన్ని ఇసుకతో అద్ది తీసేయండి, కుక్కలు, దూడలు కూడా నాకుతాయి. పాత ఆయిల్‌ను కాలువలో పోయడం, పశువుల పుండ్లకు రాయడం వద్దు. దగ్గరి షెడ్డులో పాత ఆయిల్ తీసుకునే డ్రమ్ము ఉంటే అక్కడ ఇవ్వండి, కూలెంటు ఎక్కడ ఇవ్వాలో కూడా అక్కడే అడగండి.