నీటి అడుగున కెమెరాను ఒంటికి కట్టుకొనుట

తాటిచెట్టెక్కు గీతకార్మికుని మన హైదరాబాదు చుట్టుపట్ల చూడనివారుండరు. చెట్టును తన నడుమును కలిపి చుట్టిన మోకుపై వెనుకకు వాలి ఆతడు నిలుచును. కత్తులు ముస్తాదులో నుండును. లొట్టి నడుమున వ్రేలాడును. చేతులు రెండును చెట్టుకే, పనికే. కత్తిని చేతబట్టుకొని చెట్టెక్కువాడు లేడు. కెమెరాతో సముద్రములో మునుగదలచినవారు మొట్టమొదట నేర్వవలసిన పాఠము ఇదియే.

శంషాబాదెక్కడ, సముద్రమెక్కడ అని శ్రోతలడుగవచ్చును. 2008 మార్చిలో ఇచట విమానాశ్రయము తెరచిన నాటినుండి విశాఖపట్నమునకును, అండమాను దీవులకును ఎగిరిపోవు హైదరాబాదువారికి ఈ ఊరే రేవు. ఋషికొండ దగ్గరనో, 2018 వరకు హావ్‌లాక్ అనబడిన స్వరాజ్ ద్వీపములోనో గాలి సిలిండరును వీపున కట్టుకొని మునుగు స్కూబా క్రీడకు మన యువకులు వెళ్లుచున్నారు. వెళ్లువారి సంచిలో కెమెరా ఉండకపోదు.

1893లో లూయీ బూటాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రములో ఛాయాచిత్రములు తీసినప్పుడు కెమెరా బరువైన పెట్టెలో నుండెను. దానిని పడవనుండి దింపి నేలపై నిలిపెడివారు. 1943లో కూస్టో, గాన్యాన్ అనువారు స్వయముగా శ్వాసించు పరికరమును రూపొందించిన పిదప మనిషి చేపవలె స్వేచ్ఛగా తిరుగజొచ్చెను. 1963లో నికోనోస్ వంటి చేతికెమెరా వచ్చెను. కెమెరాను పోగొట్టుకొనుట అను చిక్కు సామాన్యులకు వచ్చినదియు అప్పటినుండియే.

నీటిలో కెమెరా తేలికయైనట్లు తోచును. లెక్క చూడుడు. నీరు చొరని పెట్టెతో కూడ కెమెరా బరువు ఒకటిన్నర కిలోలు, దాని పరిమాణము 1.3 లీటర్లు అనుకొందము. అది తొలగించు సముద్రజలము సుమారు 1.33 కిలోలు తూగును. కనుక నీటిలో దాని బరువు 170 గ్రాములకు మించదు. ఇంత తేలిక వస్తువునకు త్రాడెందుకని అనిపించును. కాని 170 గ్రాములైనను మునుగుట మునుగుటయే. బావిలో జారిన బొక్కెనను గాలము వేసి తీయవచ్చును. కలక నీటిలో జారిన కెమెరాకు గాలమెక్కడిది?

పోయినది కెమెరా మాత్రమే అయినచో ఇంత చెప్పవలసిన పనిలేదు. దానికై మనిషి వెంటపడుటయే అసలు ప్రమాదము. పది మీటర్ల లోతున ఒక్కొక్క శ్వాసకు ఒడ్డున కంటె రెండింతల గాలి ఖర్చగును. ముప్పది మీటర్ల వద్ద నాలుగింతలు. కెమెరాపై చూపు నిలిపి దిగువానికి గాలిముల్లు కనబడదు. పోను పోను నైట్రోజను మత్తు తలకెక్కును. కొన్ని పెట్టెలు తేలునట్టివి. వాటివెంట పైకి పరుగిడుట మరింత కీడు. పది మీటర్లనుండి పైకి వచ్చుసరికి ఊపిరితిత్తులలోని గాలి రెండింతలగును. ఆత్రములో శ్వాస బిగబట్టినచో ఊపిరితిత్తులు చిట్లవచ్చును. కావున కెమెరాను కట్టుట వస్తువును కాపాడుటకు మాత్రమే కాదు, దాని వెంట పరుగెత్తు మనిషిని కాపాడుటకును.

సామాన్యముగా అందరు చేయునది మణికట్టుకు ఉచ్చు తగిలించుట. మేమును తొలుత అట్లే చేసితిమి, అదియు ఎడమచేతికి. ఎడమవైపుననే గాలిచొక్కాకు, అనగా బీసీడీకి, గాలి నింపు మీట ఉండునను మాట అప్పుడు గుర్తులేదు. మీటకై చేయి ఎత్తినప్పుడెల్ల కెమెరా మోకాలి వద్దనుండి లేచి ముఖమునకు తగిలెను. ఒకసారి దాని త్రాడు గొట్టమునకు చుట్టుకొనెను. తోడున్న శిక్షకుడు విడిపించెను గాని, ఆ రోజు తీసిన చిత్రములలో మా బొటనవ్రేలు తప్ప వేరేమియు లేదు. చిన్న కెమెరాకు మణికట్టు త్రాడు పనికిరాదని మేమనము. కుడిచేతికి వేయవలెను. లాగిన కొలది బిగియు జారుముడి కాక, ఒక్క గుంజుతో ఊడునది కావలెను.

ఇంతకంటె మేలైన చోటు ఛాతీ. బీసీడీ భుజపట్టీమీద ఇంగ్లీషు డీ అక్షరమువంటి ఉక్కు వలయముండును. చుట్టలు చుట్టుకొనిన స్ప్రింగు త్రాడును ఆ వలయమునకు తగిలించినచో, చిత్రము తీయునపుడు త్రాడు సాగును, విడిచినపుడు ముడుచుకొని కెమెరాను ఛాతీకి చేర్చును. నడుమ ఒత్తినంతనే విడిపోవు ప్లాస్టిక్ బకిలు ఉండుట తప్పనిసరి. త్రాడు దేనికైనను చిక్కుకొనినప్పుడు ప్రాణము దక్కుట ఆ బకిలు మీదనే ఆధారపడును. ఆపదలో తోటివానికి అందింపవలసిన రెండవ రెగ్యులేటరును కెమెరా కప్పకుండ చూచుకొనవలెను.

కొక్కెముల విషయమున ఒక జాగ్రత్త కలదు. ఒత్తినంతనే లోపలికి తెరచుకొను కొక్కెము సులువుగా నుండును గాని, నీటిలో వ్రేలాడు వలత్రాళ్లు దానంతట అవే అందులో దూరి పట్టుకొనును. బొటనవ్రేలితో గొళ్లెమును వెనుకకు లాగి తెరచు బోల్ట్ స్నాప్ మేలు. దానిని పెట్టెకు లోహముతో లోహముగా బిగింపక, నడుమ సన్నని నైలాను త్రాడు వేసి కట్టుదురు. కొక్కెము తుప్పుపట్టి కదలకపోయినచో త్రాడును కోయవచ్చును. కోయు చాకు విమానములో చేతిసంచిలో ఉండరాదు, తనిఖీకిచ్చు సామానులోనే ఉండవలెను. కెమెరాకు వాడు అదనపు లిథియం బ్యాటరీలు ఇందుకు సరిగా విరుద్ధము. అవి చేతిసంచిలోనే రావలెను.

తేలు స్పంజి పట్టీలు కట్టి నిశ్చింతగా నుండువారును కలరు. నీటిపై ఈదునంతవరకు అవి మంచివే. లోతునకు పోయినకొలది స్పంజిలోని గాలి నొక్కుకొని, పది మీటర్ల వద్ద సగమగును. పైన తేలినది క్రింద తేలకపోవచ్చును. పొడుగు త్రాడును కూడ మేము మెచ్చము. ఈదుచున్నప్పుడు కెమెరా వ్రేలాడి పగడపు దిబ్బలను గోకును. అవి తిరిగి పెరుగుటకు ఏండ్లు పట్టును.

పడవనుండి దూకునపుడు కెమెరా చేతిలో వలదు. మనిషి దిగిన పిదప పడవవాడు అందింపవలెను. ఎక్కునపుడు ముందు కెమెరా, పిదప మనిషి. తొలిసారి మునుగువారు కెమెరాను శిక్షకునికే విడుచుట మంచిదని మా అభిప్రాయము. శ్వాస తీయుట, తేలుట, చెవులు సరిచేసికొనుట, ఈ మూడు పనులే వారికి చాలును.

శంషాబాదువారికి వచ్చు చిక్కొకటి. విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు 617 మీటర్ల ఎత్తున నున్నది. ఇచట బిగించి మూసిన పెట్టెలోని గాలి విశాఖ గాలికంటె నూటికి ఏడు పాళ్లు పలుచన. నూరు చదరపు సెంటీమీటర్ల మూతను అచట ఏడు కిలోల బరువుతో అదిమినట్లుండును, సులువుగా రాదు. రబ్బరు వలయమును తీసి మూతను వదులుగా నుంచుటయే ఉపాయము. తిరుగు ప్రయాణమున ఒక్కసారి మునిగినవారు కనీసము 12 గంటలు, పలుమార్లు మునిగినవారు 18 గంటలు గడిచినగాని విమానమెక్కరాదు.

బయలుదేరుటకు ముందు ఇంటిలోనే సాధన చేయవచ్చును. బీసీడీ లేకున్నను పాత సంచిపట్టీని భుజమున తగిలించుకొని, కెమెరాను కట్టుకొని, కుర్చీలో కూర్చుండి కన్నులు మూసికొనుడు. కుడిచేతితో బకిలును విడిపింపుడు. పిదప ఎడమచేతితో. చేతితొడుగు వేసికొని మరల రెంటితోను. ఇంటివారు నవ్వుదురు, నవ్వనిండు. ఏ చేతితోనైనను రెండు క్షణములకంటె ఎక్కువ పట్టినచో త్రాడు మార్చి మరల కట్టుడు.