పైటార్చ్‌లో సంఖ్యల క్రమబద్ధీకరణ

సంఖ్యలను ఆరోహణ లేదా అవరోహణ క్రమంలో అమర్చడాన్ని క్రమబద్ధీకరణ లేదా సార్టింగ్ అంటారు. పైటార్చ్ అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీలో ఈ పనిని టార్చ్.సార్ట్ అనే ఫంక్షన్ నిర్వహిస్తుంది. ఫేస్‌బుక్ కృత్రిమ మేధ పరిశోధనశాలలో రూపొందిన పైటార్చ్ 2017 జనవరిలో బహిరంగంగా విడుదలైంది. 2022 నుండి ఇది లినక్స్ ఫౌండేషన్ పరిధిలో ఉంది. ఇందులో సంఖ్యల శ్రేణిని టెన్సర్ అని వ్యవహరిస్తారు.

ఫలితం

ఈ ఫంక్షన్ రెండు టెన్సర్లను ఇస్తుంది. మొదటిది క్రమంలో అమర్చిన విలువలు. రెండవది ఆ విలువలు మొదట ఉన్న స్థానాలను తెలిపే సూచికలు. స్థానాల లెక్క సున్నా నుండి మొదలవుతుంది. నలుగురు విద్యార్థుల మార్కులు 67, 91, 45, 82 అనుకుందాం. విలువలు 45, 67, 82, 91 గాను, సూచికలు 2, 0, 3, 1 గాను వస్తాయి. సూచికలు లేనిచో ఏ మార్కు ఎవరిదో తెలియదు. మూల టెన్సర్ మారదు. సూచికలు మాత్రమే కావాలంటే ఆర్గ్‌సార్ట్ వాడవచ్చు.

వరుసలు, నిలువు వరుసలు

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ప్రత్యేకంగా చెప్పనిచో చివరి అక్షం వెంబడి, అనగా పట్టికలో ప్రతి అడ్డు వరుసను విడివిడిగా, అమరుస్తుంది. ఒక విద్యార్థికి తెలుగులో 78, గణితంలో 35, సామాన్య శాస్త్రంలో 60 వచ్చినవనుకుంటే, ఆ వరుస 35, 60, 78 అవుతుంది. తెలుగు మార్కు సామాన్య శాస్త్రం గడిలోకి చేరుతుంది! కంప్యూటర్ దీనిని తప్పుగా చూపదు. మొదటి అక్షాన్ని ఎంచుకుంటే ప్రతి నిలువు వరుస విడిగా అమరి, ఒకరి మార్కులు మరొకరి వరుసలో కలుస్తాయి. గణితం మార్కులను బట్టి విద్యార్థులను అమర్చాలంటే, ఆ ఒక్క నిలువు వరుసకు ఆర్గ్‌సార్ట్ చేసి, వచ్చిన సూచికలతో మొత్తం వరుసలను తీసుకోవాలి.

సమాన విలువలు, లేని విలువలు

ఇద్దరికి సమాన మార్కులు ఉన్నప్పుడు వారిలో ఎవరు ముందు వస్తారన్నదానికి మామూలుగా హామీ లేదు. మూల క్రమం నిలవాలంటే స్టేబుల్ అనే ఐచ్ఛికాన్ని ఎంచుకోవాలి. ఇది 2021లో చేర్చబడినది. సంఖ్య కానిదానిని సూచించే నాన్ అనే విలువను ఈ ఫంక్షన్ అన్ని సంఖ్యల కంటే పెద్దదిగా పరిగణిస్తుంది. కావున పరీక్షకు రాని విద్యార్థికి నాన్ అని నమోదు చేసి అవరోహణ క్రమం కోరితే, అతడే ప్రథముడవుతాడు. అట్టి విలువలను ముందే తొలగించడం మేలు.

పెద్ద టెన్సర్‌లో మొదటి కొన్ని గరిష్ఠ విలువలే అవసరమైనచో మొత్తం క్రమబద్ధీకరించనక్కరలేదు. టాప్‌కె అనే ఫంక్షన్ సరిపోతుంది.